ఇంట చదువు బిడ్డయు శాస్త్రజిజ్ఞాసయు

బిడ్డలను బడికి పంపక ఇంటనే చదివింపవలెనను తలంపు విద్యావంతుల కుటుంబములలో నేడు కొంతకొంతగా వ్యాపించుచున్నది. బడిలో వల్లెవేత మిక్కిలియైనదనియు, మార్కుల లెక్కయే విద్యయైనదనియు, బిడ్డ అడిగిన ప్రశ్నకు నిలిచి సమాధానము చెప్పు తీరిక ఉపాధ్యాయునకు లేదనియు వారు కారణములు చెప్పుదురు. ఇవి తేలికగా త్రోసివేయదగిన కారణములు కావు. అయినను మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములందు ఇట్టి సంకల్పము గల తల్లిదండ్రులను మేమొక మాట అడుగవలసియున్నది. బడిని విడిచినంతమాత్రమున వల్లెవేత మనలను విడిచిపోవునా? బడిలో బిడ్డకు పలువురు ఉపాధ్యాయులును, తరగతినిండ తోడిపిల్లలును ఉందురు. ఒకరు చెప్పిన తప్పు మరియొకరి నోట సరిపడవచ్చును. ఇంటనో, తండ్రియో తల్లియో ఒక్కరే గురువు, ఒక్కరే పరీక్షకులు, ఒక్కరే న్యాయాధిపతి. వారి తీర్పుపై అప్పీలు లేదు. కావున ఇంటి చదువు బిడ్డబుద్ధికి విశాలమైన మైదానము కావచ్చును. కిటికీ లేని గదియు కావచ్చును. రెంటిలో ఏది యగునో నిర్ణయించునది, బిడ్డ ప్రశ్న అడిగినపుడు పెద్దలేమి చేయుదురనునదియే.

మేమీ పాఠమున చెప్పదలచిన సంగతి క్లుప్తముగా ఇది. ప్రశ్నను పరిశీలనగా మార్చుటయే శాస్త్రము. పెద్దలు చెప్పినదానిని సైతము పరీక్షించు హక్కు బిడ్డకు కలదని పెద్దలే ఒప్పుకొనుట శాస్త్రవిద్యకు మొదటి మెట్టు. ఈ మెట్టు ఎక్కనివారు ఎన్ని పుస్తకములు కొనియిచ్చినను, ఎన్ని పరికరములు తెప్పించినను ప్రయోజనము స్వల్పము.

వినికిడి సాక్ష్యము

న్యాయవాదవృత్తిలో నున్న మాకు దీనిని కోర్టుభాషలో చెప్పుట సుకరము. 1872వ సంవత్సరపు ఇండియన్ ఎవిడెన్సు ఆక్టు 60వ సెక్షను ప్రకారము నోటిసాక్ష్యము ప్రత్యక్షమై యుండవలెను. కంటితో చూడదగిన సంగతియైనచో చూచినవాడే వచ్చి చెప్పవలెను. 2024 జులై 1వ తేదీనుండి ఆ ఆక్టు స్థానమున భారతీయ సాక్ష్య అధినియమము అమలునకు వచ్చినను ఈ సూత్రము మారలేదు. ఊరివారందరు అనుకొనుచున్నారను మాటపై ఏ న్యాయాధిపతియు శిక్ష విధింపడు. కోర్టులో ఇంత కట్టుదిట్టముగా నుండు మనమే ఇంటికి వచ్చి, “నీరు నూరు డిగ్రీలవద్ద మరుగును, వ్రాసికొనుము” అని బిడ్డకు చెప్పుదుము. బిడ్డ వ్రాసికొనును. ఆ బిడ్డ నీటిని మరిగించి కొలిచి చూడలేదు, మనమును చూడలేదు. ఇది శుద్ధమైన వినికిడి సాక్ష్యము. పైగా మన ప్రాంతమున అది సరియైన మాటయు కాదని ముందు చూపుదుము.

అయితే బిడ్డ సమస్తమును స్వయముగా పరీక్షింపవలెనా యని కొందరడుగవచ్చును. అది సాధ్యము కాదు. చంద్రుని దూరమును ప్రతి బిడ్డయు కొలువజాలడు. నిపుణుల సాక్ష్యమును కోర్టులును అంగీకరించును. కాని తాను నమ్మునది ఏ తరగతి సాక్ష్యమో బిడ్డకు తెలిసియుండవలెను. ఇందులకు మేము సూచించు ఉపాయము మిక్కిలి సులభము. బిడ్డకొక నోటుపుస్తకమిచ్చి, ప్రతి పుటయందును మూడు గళ్లు గీయింపుడు. మొదటిది “చూచినది”, రెండవది “లెక్కించినది”, మూడవది “వినినది”. ఏ సంగతి వ్రాసినను దాని గడిలోనే వ్రాయవలెను. మూడవ గడిలో వ్రాసినప్పుడు ఎవరు చెప్పిరి, వారికెట్లు తెలిసినది యనియు వ్రాయవలెను. తండ్రి చెప్పిన మాటయు మూడవ గడిలోనిదే. ఈ ఒక్క నియమమును తండ్రి చిరునవ్వుతో సహింపగలిగినచో ఆ ఇంట శాస్త్రవిద్య ఆరంభమైనట్లే.

రెండు జీవితములు

మదనపల్లెలో 1895వ సంవత్సరమున జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిగారి బాల్యమును ఇచ్చట తలచుట యుక్తము. తండ్రి నారాయణయ్యగారు రెవెన్యూశాఖలో ఉద్యోగి. బాలునకు తరచుగా జ్వరము వచ్చుటచే బడి చాలకాలము తప్పినది. పోయిన దినములందును పాఠములు తలకెక్కక మందబుద్ధియనిపించుకొని దెబ్బలు తినెను. అట్టి బాలుడే ఒకనాడు తండ్రి గడియారమును ఊడదీసి, దానిని మరల కూర్చువరకు బడికి పోననియు, అన్నము ముట్టననియు పట్టుబట్టెనని ఆయన జీవితచరిత్రలో వ్రాయబడియున్నది. బడిలో నిలువలేని మనస్సు గడియారముముందు అన్నము మరచి నిలిచినది. కారణమేమి? పాఠము సరిగా వచ్చినదో లేదో ఉపాధ్యాయుడు చెప్పవలెను. గడియారము సరిగా కూర్చబడినదో లేదో గడియారమే చెప్పును. అది తండ్రి ముఖము చూచి నడువదు. వస్తువే తీర్పు చెప్పు పనిని బిడ్డచేతికిచ్చుట శాస్త్రవిద్యలోని కీలకము.

ఆ బాలుడే పెద్దవాడై, మదనపల్లెకు సమీపమున రిషివ్యాలీ విద్యాలయమును నెలకొల్పెను. ఆ సంస్థ పల్లెపిల్లలకొరకు నడుపు బడులలో వేరువేరు తరగతుల బిడ్డలు ఒకే గదిలో కూర్చుండి, పాఠపుచీటీలను అనుసరించి ఎవరి వేగమున వారు నేర్చుకొనుచుందురు. బడులన్నియు ప్రశ్నకు శత్రువులు కావనుటకు ఇది నిదర్శనము. ఇంట చదివించువారు బడిని నిందించుటకన్న ఇట్టి బడిని పోయి చూచివచ్చుట లాభకరము.

రెండవ జీవితము భండారు అచ్చమాంబగారిది. ఆమె 1874లో కృష్ణామండలమున జన్మించి, 1905లో అల్పాయువుననే మరణించెను. బడికి పోయినది కాదు. బాల్యముననే వివాహమైనది. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారికి చదువు చెప్పుచుండగా ప్రక్కన కూర్చుండి తానును నేర్చుకొని, అనేక భాషలలో ప్రవేశము సంపాదించి, “అబలాసచ్చరిత్ర రత్నమాల” రచించెను. తమ్ముడు 1906లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించినవారిలో ముఖ్యుడై, తెలుగున శాస్త్రగ్రంథములు వెలువడుటకు కారకుడాయెను. ఈ కథను మనము గర్వముతో చెప్పుకొందుము. కాని చదువు తమ్మునికొరకు ఏర్పాటైనది; అక్క దానిని ప్రక్కనుండి విని పట్టుకొన్నది. అట్లు పట్టుకొనలేక చీకటిలో మిగిలిపోయిన అక్కలెందరో లెక్కలేదు. కొడుకును బడికి పంపి, కూతురిని మాత్రము “ఇంటనే చదివించుచున్నాము” అనువారు తమ మనస్సాక్షిని ప్రశ్నించుకొనవలెను. ఇంటి చదువు ఆడబిడ్డను ఇంట నిలుపుటకు మంచి పేరుగల సాకు కారాదు. ఇంట ఉష్ణమాపకము ఒక్కటే యున్నచో దానిని మొదట పట్టుకొనవలసినది ప్రశ్న అడిగిన బిడ్డ. మగబిడ్డయో ఆడబిడ్డయో విచారణ అనవసరము.

చట్టమునుగూర్చి రెండు మాటలు. 2009లో ఏర్పడి 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలునకు వచ్చిన నిర్బంధ ఉచిత విద్యాహక్కు చట్టము 10వ సెక్షను, ఆరునుండి పదునాలుగేండ్ల బిడ్డలను సమీపమందలి బడిలో చేర్పించుట తల్లిదండ్రుల ధర్మమని చెప్పుచున్నది. చేర్పింపనివారికి ఆ చట్టము శిక్ష విధింపలేదు. ఇంటి చదువును బడి చదువుతో సమానముగా గుర్తింపనులేదు. కావున ఈ మార్గము పట్టువారు బిడ్డ చదువునకు వ్రాతమూలమైన నిదర్శనములు భద్రపరచుకొనవలెను. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థవారు నడుపు పరీక్షల సంగతి ముందుగనే తెలిసికొనవలెను. బిడ్డ స్వయముగా బడికి పోవ గోరినచో ఆ కోరికను మన్నింపవలెను.

మొదటి పాఠము: మదనపల్లె నీరు

ఇక కార్యమునకు వత్తము. బిడ్డ వంటింటిలో నిలిచి, “నాయనా, నీరు ఎంత వేడికి మరుగును?” అని అడిగెననుకొందము. సంఖ్య చెప్పవద్దు. నూటపది డిగ్రీలవరకు గీతలున్న ప్రయోగశాల ఉష్ణమాపకమును, పాదరసము గాక ఎర్రని సారాయి నింపినదానిని, తెప్పింపుడు. జ్వరము చూచు థర్మామీటరు ఇందుకు పనికిరాదు, పగిలిపోవును. పెద్దవారు పొయ్యివద్ద నిలువగా బిడ్డ సంఖ్య చదువవలెను.

మదనపల్లె సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల ఎత్తున నున్నది. అచ్చట నీరు 98 డిగ్రీలకు కొంచెము లోపలనే మరుగును. బిడ్డ మొట్టమొదట ఉష్ణమాపకమునే అనుమానించును. అనుమానింపనిండు, అది మంచి బుద్ధియే. పిదప ఒకనాడు అదే ఉష్ణమాపకమును, అదే గిన్నెను, ఇంటి నీటినే తీసికొని హార్సిలీ కొండపైకి పోవుడు. ఆ కొండ ఎత్తు సుమారు 1265 మీటర్లు. అచ్చట నీరు సుమారు 96 డిగ్రీలకే మరుగుట బిడ్డ చూచును. ఉష్ణమాపకములో ఒక డిగ్రీ లోపమున్నను రెండుచోట్ల ఆ లోపమొక్కటే కావున, నడుమనున్న రెండు డిగ్రీల భేదము చెక్కుచెదరదు. పరికరము లోపముగలదైనను దానితో సత్యమును గ్రహింపవచ్చునను పాఠము ఏ పుస్తకమును ఇంత చక్కగా చెప్పజాలదు.

ఇప్పుడు కారణము చెప్పుటకు సమయము. మనపై గాలి యొక్క బరువున్నది. నీరు ఆవిరియై పైకి లేచుటకు ఆ బరువును త్రోసికొని రావలెను. ఎత్తునకు పోయినకొలది పైనున్న గాలి తగ్గును, బరువు తగ్గును, కావున తక్కువ వేడికే నీరు మరుగును. సుమారు 300 మీటర్ల ఎత్తునకు ఒక డిగ్రీ చొప్పున తగ్గునని బిడ్డయే తన సంఖ్యలనుండి లెక్కింపగలడు. కొండమీద తెరచిన పాత్రలో కందిపప్పు ఆలస్యముగా ఉడుకుటకును, మూతబిగించిన ప్రెషరు కుక్కరులో త్వరగా ఉడుకుటకును ఇదియే కారణము. ఈ చివరి సంగతిని మనము చెప్పక బిడ్డయే కనిపెట్టునట్లు ఒకటి రెండు దినములు ఓపికపట్టినచో, ఆ బిడ్డ ముఖమున కనబడు వెలుగు మన ఓపికకు తగిన ప్రతిఫలము.

రెండవ పాఠము: పుంగనూరు ఆవు

పుంగనూరు ఆవు ప్రపంచమున మిక్కిలి పొట్టియైన గోజాతులలో నొకటి. మూపువద్ద ఎత్తు 70నుండి 90 సెంటీమీటర్లు, బరువు 115నుండి 200 కిలోలు ఉండునని గ్రంథములందున్నది. ఒంగోలు ఆవు ఎత్తు సుమారు 135 సెంటీమీటర్లు, బరువు సుమారు 450 కిలోలు. పుంగనూరు బిడ్డ తప్పక ఒక ప్రశ్న వేయును: “90 సెంటీమీటర్ల ఆవు ఎత్తు 135 సెంటీమీటర్ల ఆవు ఎత్తులో మూడింట రెండు వంతులున్నది గదా! బరువు మూడింట ఒక వంతైనను లేదేల?”

దీనికి సమాధానము మట్టిలో నున్నది. బంకమట్టితో ఒకే కొలతగల చిన్న ఘనములు ముప్పదియైదు చేయింపుడు. నిలువున రెండు, అడ్డమున రెండు, లోతున రెండు చొప్పున పేర్చి ఒక పెద్ద ఘనము చేసినచో ఎనిమిది పట్టును. మూడేసి చొప్పున పేర్చినచో ఇరువదియేడు పట్టును. ఎత్తుల నిష్పత్తి 2కు 3. మట్టి నిష్పత్తి 8కి 27. ఇప్పుడు 450 కిలోలను 27చే భాగించి 8చే హెచ్చింపుమనుడు. సుమారు 133 కిలోలు వచ్చును. పుంగనూరు ఆవునకు చెప్పిన బరువుల నడుమనే ఈ సంఖ్య పడుట చూచి బిడ్డ ఆశ్చర్యపడును. ఆవు మట్టిఘనము కాదు. రెండు జాతుల ఆకారమొక్కటి కాదు. కావున ఇది స్థూలమైన లెక్కయే. అయినను సృష్టిలో పరిమాణమునకు ఒక నియమమున్నదని ఆ బిడ్డ తన చేతులతో తెలిసికొనును. చీమ తన బరువునకు ఎన్నోరెట్లు మోయగలుగుటకును, ఏనుగునకు స్తంభములవంటి కాళ్లు వలసివచ్చుటకును ఇదే నియమము మూలము.

ఈ ఆవునుగూర్చి వినికిడి మాటలును పెక్కు గలవు. దీని పాలలో వెన్న నూటికి ఎనిమిది పాళ్లవరకు ఉండునని ప్రసిద్ధి. ఇది పరీక్షింపదగిన మాట. పాలు పోయించుకొను కేంద్రమున వెన్నశాతమును కొలుచు యంత్రముండును. బిడ్డ ఒక పుంగనూరు ఆవు పాలును, మరియొక జాతి ఆవు పాలును తీసికొనిపోయి రెండు సంఖ్యలు వ్రాసికొని రావచ్చును. ఒక్క ఆవుతో జాతినంతటిని నిర్ణయింపరాదనియు, ఈతకాలమునుబట్టియు మేతనుబట్టియు వెన్న మారుననియు అప్పుడు చెప్పవలెను. దేశవాళీ ఆవు మూపురము సూర్యకిరణములను పట్టి పాలలో బంగారము కలుపునని చెప్పువారును కలరు. బిడ్డ ఆ మాట తెచ్చినపుడు నవ్వి త్రోసివేయకుడు. “దీనిని నిజమో కాదో తేల్చుటకు ఏమి చేయవలెను?” అని అడుగుడు. పరీక్ష ఏదియో చెప్పలేని మాటకును, పరీక్ష చెప్పగల మాటకును గల భేదమును బిడ్డ గ్రహించినచో అది పది పాఠముల పెట్టు.

మూడవ పాఠము: మూడు ఊళ్ల నీడ

ఇంట చదువు బిడ్డకు గల పెద్ద లోపము ఏకాంతము. తోడివారు లేరు, వాదించువారు లేరు. ఈ లోపమును తీర్చుటకు ప్రకృతియే మన మూడు పట్టణములకు ఒక సౌకర్యము కల్పించినది. భారతదేశపటము తెరచి చూడుడు. దక్షిణమున కుప్పము, దానికి ఉత్తరమున పుంగనూరు, ఇంకను ఉత్తరమున మదనపల్లె. మూడును ఇంచుమించుగా ఒకే ఉత్తరదక్షిణ రేఖపై నున్నవి. కుప్పము అక్షాంశము సుమారు 12.75 డిగ్రీలు, మదనపల్లెది సుమారు 13.55. ఈ మూడు ఊళ్లలో మూడు కుటుంబములు కలిసినచో బిడ్డలు భూమండలము యొక్క చుట్టుకొలతను కొలువవచ్చును.

డిసెంబరు 22వ తేదీన మూడు ఊళ్లలోను సరిగా రెండు మీటర్ల పొడవుగల కర్రను చదునైన నేలపై నిట్టనిలువుగా పాతవలెను. తూకపుగుండు కట్టిన దారముతో నిలువును సరిచూచుకొనవలెను. మధ్యాహ్నము నీడ అన్నిటికన్న పొట్టియగు క్షణమున దాని పొడవును కొలువవలెను. కుప్పమున సుమారు 146, పుంగనూరున సుమారు 150, మదనపల్లెలో సుమారు 151 సెంటీమీటర్లు వచ్చును. చిన్నబిడ్డకు, ఉత్తరమునకు పోయినకొలది నీడ పెరుగుచున్నదను సంగతియే చాలును. పదునాలుగేండ్ల బిడ్డ టాంజెంటు పట్టిక చూచి, కుప్పమునందును మదనపల్లెయందును సూర్యుని కోణముల భేదము సుమారు 0.8 డిగ్రీయని లెక్కింపగలడు. అది పూర్ణవృత్తములో 450వ వంతు. పటముపై ఆ రెండు ఊళ్ల ఉత్తరదక్షిణ దూరము సుమారు 89 కిలోమీటర్లు. దానిని 450చే హెచ్చించినచో 40,050 కిలోమీటర్లు. క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమున ఐగుప్తు దేశమందు ఎరటోస్తనీసు చేసిన పని ఇదియే. నీడను కొలుచునపుడు ఒక్క సెంటీమీటరు పొరబడినచో ఫలితము నాలుగవ వంతు తప్పును. కావున బిడ్డలకు ముప్పదివేలు వచ్చినను, ఏబదివేలు వచ్చినను మందలింపకుడు. తప్పు ఎచ్చట చొచ్చినదో వెదకుమని మూడిండ్ల బిడ్డలను ఉత్తరములతో వాదించుకొననిండు. వారికి కావలసిన తోడు అదియే.

నీడ పొట్టియగు సమయము పండ్రెండు గంటలకు గాక పండ్రెండుంబావు ప్రాంతమున వచ్చుట చూచి బిడ్డలు మరల ప్రశ్నింతురు. మన గడియారములన్నియు 82.5 డిగ్రీల తూర్పురేఖాంశమును అనుసరించును. ఆ రేఖ కాకినాడ దాపున పోవును. మన ఊళ్లు దానికి నాలుగు డిగ్రీలు పడమట నున్నవి. డిగ్రీకి నాలుగు నిమిషములు. ఇట్లే ఏప్రిల్ 24వ తేదీ ప్రాంతమున కుప్పములో మిట్టమధ్యాహ్నపు నీడ మాయమగును; రెండు మూడు దినములకు మదనపల్లెలో మాయమగును. ఆ దినమునకై బిడ్డలు పండుగకువలె ఎదురుచూతురు. ఒక హెచ్చరిక మాత్రము: నీడను చూడవలెనేగాని సూర్యుని సూటిగా ఎన్నడును చూడరాదు. కంటికి కలుగు హాని తీరనిది.

గొప్ప శాస్త్రజ్ఞులును ఇట్లే

ఇవి పిల్లల ఆటలనియు, నిజమైన శాస్త్రము వేరనియు తలంపవద్దు. కుప్పమునకు అనతిదూరమున, తమిళనాడు జవ్వాది కొండలలో, కావలూరు నక్షత్రశాల యున్నది. 1977 మార్చి 10వ తేదీన యురేనస్ గ్రహము ఒక నక్షత్రమునకు అడ్డుగా వచ్చునని పలుదేశములవారు కనిపెట్టుకొని యుండిరి. గ్రహము అడ్డుపడుటకు ముందే నక్షత్రపు వెలుగు క్షణకాలము తగ్గుటను కావలూరులోను గుర్తించిరి. పలుచోట్ల వ్రాసిన సంఖ్యలను పోల్చిచూడగా ఆ గ్రహమునకు వలయములున్నవని తేలినది. ఎదురుచూడనిదానిని కొట్టివేయక వ్రాసియుంచుటయే ఆ జయమునకు మూలము. ఆ నక్షత్రశాలకు పేరైన వైను బప్పుగారి తండ్రి హైదరాబాదు నిజామియా నక్షత్రశాలలో పనిచేసినవారు. తండ్రి పనిచోటు కుమారునకు ఆటచోటైనది. 1949లో ఆ కుమారుడు ఇద్దరు సహచరులతో గూడ ఒక తోకచుక్కను కనుగొనెను. మన వృత్తి ఏదైనను, మనము పనిచేయుచోటికి బిడ్డను తీసికొనిపోయి పని చూపుట ఎంత ఫలవంతమో దీనినిబట్టి ఊహింపుడు.

కర్ణాటక సరిహద్దు కావల కోలారు బంగారుగనులున్నవి. 2001లో మూతపడిన ఆ గనులలో, 1965లో, నేలకు రెండు కిలోమీటర్లకు పైగా లోతున న్యూట్రినోలను గుర్తించిరి. గాలిలో పుట్టి భూమిని చొచ్చుకొనిపోవు కణములను భూగర్భమున వెదకుట ఏల? పైనున్న రాయి తక్కిన కణములను ఆపివేయును. దానిని దాటి వచ్చునది న్యూట్రినోయే. నూనె వడకట్టుటకు గుడ్డ పట్టినట్లు, శాస్త్రజ్ఞులు కొండంత రాతిని పట్టిరి. ఈ సంగతి కుప్పము బిడ్డకు తెలియవలెను. పాతబడిన గనుల దాపునకు మాత్రము బిడ్డలను పోనీయరాదు.

ప్రశ్న ఆచారమును తాకినపుడు

ఇంతవరకు మా మాటలు చదువరులకు రుచించియుండును. ఇక చెప్పబోవునది కొంచెము కటువు. ప్రశ్నించుట నేర్చిన బిడ్డ నీటివద్దను, ఆవువద్దను, నీడవద్దను ఆగడు. గ్రహణసమయమున ఇంటనున్న అన్నము చెడునని అవ్వ చెప్పగా, “చూతమా?” యని అడుగును. అవ్వను ఎగతాళి చేయనీయకుడు. ఒకే అన్నమును రెండు గిన్నెలలో, ఒకటి గ్రహణము పట్టు గంటలందును, మరియొకటి మరునాడు అవే గంటలందును ఉంచి, వాసనయు రంగును పోల్చి వ్రాయనిండు. అవ్వయు ప్రక్కన కూర్చుండి చూడవచ్చును. పెద్దలయెడ గౌరవమును, సత్యముయెడ గౌరవమును ఒకదానికొకటి విరోధులు కావని బిడ్డ ఇట్లు నేర్చుకొనును.

అంతకన్న కష్టమైన ప్రశ్నయు వచ్చును. మరుగునీటిలో ఉంచిన పాత్రపై రోగక్రిములు చచ్చునని నేర్చిన బిడ్డ, పనిమనిషికొరకు గూటిలో వేరుగా బోర్లించిన గ్లాసును చూపి, “దానిని కూడ మరిగించిన మన గ్లాసులతో కలుపవచ్చును గదా, ఏల కలుపరు?” అని అడుగును. ఆనాడు తండ్రి యొక్క శాస్త్రాభిమానము పరీక్షకు నిలుచును. “చిన్నపిల్లలకు తెలియదు, ఊరకుండుము” అన్నచో, అంతవరకు నేర్పిన శాస్త్రమంతయు ఆ ఒక్క మాటతో నేలపాలగును. ప్రశ్నలకు ఒక సరిహద్దున్నదనియు, అది పెద్దల సౌకర్యమువద్ద నున్నదనియు బిడ్డ గ్రహించును. ఆ పిదప ఆవు ఎత్తును కొలుచునేగాని, అన్యాయమును కొలువదు. ఆ గ్లాసును గూటినుండి తీసి తక్కినవానితో కలిపినచో, బిడ్డ ఆజన్మము మరువని పాఠమగును. శాస్త్రమును ఇంటిలోనికి పిలుచువారు అది ఏ గదిలోనికి రావలెనో తాము నిర్ణయింపజాలరని ముందే తెలిసికొనుట మంచిది.

ఆచరణకు కొన్ని సూచనలు

మొదటిది: బిడ్డ ప్రశ్నకు అప్పుడే సమాధానము చెప్పకుడు, “నీవేమనుకొనుచున్నావు? ఎట్లు తెలిసికొందము?” అని రెండు మాటలు ముందు అడుగుడు. రెండవది: తెలియనిచో తెలియదని చెప్పుడు. ఆ మాట తండ్రి నోట విన్న బిడ్డ తెలియకుండుట అవమానము కాదని నేర్చుకొనును. తెలియనిది తెలిసినట్లు చెప్పుటయే అవమానము. మూడవది: వారమునకు ఒక ప్రశ్న చాలును; దానిని చివరవరకు నడుపుడు. నాలుగవది: ఫలితము మనము తలచినట్లు రానిచో నోటుపుస్తకములో దిద్దింపకుడు. దిద్దిన సంఖ్య దొంగసాక్ష్యము. ఐదవది: వడ్రంగి, కమ్మరి, టమాటా రైతు, పాలకేంద్రపు గుమస్తా, వీరందరును బిడ్డకు గురువులే, వారివద్దకు పంపునపుడు వినయముగా అడుగ నేర్పుడు.

ఈ పాఠములకు పెద్ద ధనము వలదు. ఒక ఉష్ణమాపకము, కొలతటేపు, రెండు మీటర్ల కర్ర, బంకమట్టి, మూడు గళ్ల నోటుపుస్తకము చాలును. వలసినదెల్ల పెద్దల మనస్సులోని సంసిద్ధత. తాము పెంచిన బిడ్డ ఒకనాడు తమ మాటను మూడవ గడిలో వ్రాసి, దాని ప్రక్కన “పరీక్షింపవలెను” అని చేర్చినప్పుడు, దానిని ధిక్కారమనుకొనక తమ శ్రమకు ఫలమనుకొను తల్లిదండ్రులే బిడ్డను ఇంట చదివించుటకు అర్హులు.